అందరి నేరం ఎవరి నేరం?

గరికపాడు దగ్గర ఆంధ్రలోకి అడుగుపెట్టే 65వ నంబరు జాతీయ రహదారి జగ్గయ్యపేట పక్కగా సాగి, చిల్లకల్లు, నందిగామ, కంచికచర్ల మీదుగా విజయవాడకు పోతుంది. ఈ దారిలో ఏ ప్రమాదం జరిగినా తెల్లారేసరికి తీర్పు సిద్ధంగా ఉంటుంది. "పడిపోయినవాణ్ని చూసుకుంటూ పోయారే గానీ ఒక్కడూ బండి ఆపలేదు. మానవత్వం చచ్చిపోయింది." పత్రికలో శీర్షిక అదే. టీ కొట్టు దగ్గర మాటా అదే. సంతాప సభలో మైకు పట్టుకున్న పెద్దమనిషి మొదటి వాక్యమూ, చివరి వాక్యమూ అదే.

నేనీ తీర్పును ఒప్పుకోను. మంచి మనసుతో అనేవాళ్లే ఎక్కువని తెలిసీ ఒప్పుకోను. ఇందులో మూడు వాదనలు కలగలిసి ఉన్నాయి. వెనకటి మనుషులు ఇలా ఉండేవాళ్లు కాదు, ఈ మధ్యే పాడైపోయారన్నది ఒకటి. సెల్‌ఫోను వచ్చాక జాలి పోయింది, సాయం చేయాల్సిన చేతులు వీడియోలు తీస్తున్నాయన్నది రెండోది. దీనికి మందు నీతిబోధే, బళ్లో విలువలు నేర్పితే అన్నీ సర్దుకుంటాయన్నది మూడోది. మూడూ నిలవవు. నిలవకపోవడం ఒక ఎత్తయితే, ఈ మాట చాటున అసలు తప్పు చేసినవాడు జారుకోవడం మరొక ఎత్తు. ఊరందరి మీదా వేసిన నింద ఏ ఒక్కడి మెడకూ చుట్టుకోదు.

ముందు ఆ వెనకటి రోజుల సంగతి చూద్దాం. నందిగామ దాటి విజయవాడ వైపు పోతే కంచికచర్ల వస్తుంది. 1968 ఫిబ్రవరిలో ఆ ఊళ్లో కోటేశు అనే దళిత యువకుడి మీద ఇత్తడి సామాను దొంగిలించాడన్న నింద మోపి, కట్టేసి, ప్రాణంతో ఉండగానే తగలబెట్టారు. అడవిలో, చీకట్లో, ఎవరికంటా పడకుండా జరిగిన పని కాదది. ఊళ్లో జరిగింది. పార్లమెంటు దాకా వెళ్లింది. ఆనాడు ఎవరి చేతిలోనూ సెల్‌ఫోను లేదు. ఉమ్మడి కుటుంబాలు ఉన్నాయి, హరికథలు ఉన్నాయి, బళ్లో నీతిపద్యాలు కంఠతా పట్టించే మాస్టార్లు ఉన్నారు. విలువలన్నీ నిండుగా ఉన్నాయని మనం చెప్పుకునే కాలం అది. మరి ఆ మనిషి అరుపు విని అడ్డంపడే చెయ్యి ఏమైంది?

వెనకటివాళ్లు దుర్మార్గులని చెప్పడానికి దీన్ని ఎత్తలేదు. దారి పక్క చలివేంద్రాలు పెట్టినవాళ్లూ, సత్రాలు కట్టినవాళ్లూ వాళ్లే. కాకపోతే ఆ దయకు ఎల్లలుండేవి. దాహంతో వచ్చినవాడిది ఏ కులమో తెలిశాకే దోసిట్లో నీళ్లు ఎంత ఎత్తు నుంచి పోయాలో తేలేది. ముక్కూ మొహం తెలియనివాడు రోడ్డు మీద పడి ఉంటే, వాడెవరో అడక్కుండా ఒళ్లోకి తీసుకోవాలన్న మాట మనకు పాత అలవాటు కాదు, కొత్తగా నేర్చుకుంటున్న పాఠం. పోయినదాన్ని తిరిగి తెచ్చుకోవాలని ఏడవడం వల్ల, ఇంకా అలవడనిదాన్ని అలవరచుకోవాలన్న ధ్యాస పోతోంది.

ఇక ఇప్పటివాళ్ల సంగతి. 2017 ఫిబ్రవరి 28న తెల్లవారుజామున, భువనేశ్వర్ నుంచి హైదరాబాద్ వెళ్తున్న ఒక ప్రైవేటు ట్రావెల్స్ బస్సు పెనుగంచిప్రోలు మండలం ముండ్లపాడు దగ్గర అదుపు తప్పి రెండు వంతెనల నడుమ కల్వర్టులో పడింది. పది మందికి పైగా చనిపోయారు. బస్సు నుజ్జయిపోయింది. ఇరుక్కున్నవాళ్లను బయటికి లాగే పనిలో పోలీసులతో పాటు చుట్టుపక్కలవాళ్లూ ఉన్నారు. బస్సులో ఉన్నవాళ్లు వాళ్లకు చుట్టాలు కారు, పక్కాలు కారు. అయినా ఆ ప్రమాదం పేరెత్తితే మనకు గుర్తొచ్చేది నందిగామ ఆసుపత్రిలో పోస్టుమార్టం గురించి అప్పటి ప్రతిపక్ష నాయకుడికీ అధికారులకూ జరిగిన వాగ్వాదం. చెయ్యి వేసినవాళ్లు జ్ఞాపకంలో లేరు. ఆగనివాడి గురించి శీర్షిక పెడతాం, ఆగినవాడు వార్త కాడు. ఆ శీర్షికలు పోగేసి, ఒక్కడూ ఆగడం లేదని లెక్క తేలుస్తాం.

ఇది మన దగ్గర పుట్టిన జబ్బేం కాదు. 1964లో న్యూయార్క్‌లో కిటీ జెనొవీస్ అనే యువతిని తన ఇంటి దగ్గరే పొడిచి చంపారు. ముప్ఫై ఎనిమిది మంది చూస్తూ ఊరుకున్నారని న్యూయార్క్ టైమ్స్ రాసింది. ఆ ఒక్క వార్త మీద మనస్తత్వ శాస్త్రంలో ఒక సిద్ధాంతమే లేచింది, పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది. తరవాత తరచి చూస్తే ఆ లెక్కే తప్పని తేలింది. చాలామంది చూడనే లేదు, విన్నవాళ్లలో చాలామందికి ఏం జరుగుతోందో తెలియలేదు. అన్నిటికీ మించి, ఒక పొరుగింటి స్త్రీ పరుగున వెళ్లి ఆమెను చేతుల్లోకి తీసుకుంది. కథలోంచి ఆమెనే తీసేశారు. 2016లో ఆ పత్రికే తన పాత కథనంలో లోపాలున్నాయని ఒప్పుకుంది. 2019లో వెలువడిన ఒక అధ్యయనం ఆమ్‌స్టర్‌డామ్, లాంకాస్టర్, కేప్‌టౌన్ నగరాల సీసీ కెమెరాలకు చిక్కిన 219 వీధి గొడవలను పరిశీలించింది. పదింట తొమ్మిదింటిలో కనీసం ఒక్కరైనా కల్పించుకున్నారు. చుట్టూ జనం ఎంత ఎక్కువ ఉంటే ఎవరో ఒకరు ముందుకొచ్చే అవకాశం అంత పెరిగింది. గుంపులో జాలి చస్తుందన్నది ఎంత గట్టిగా నమ్ముతున్నామో అంత బలహీనమైన మాట.

అయితే ఆగనివాళ్లు లేరా? ఉన్నారు. వాళ్లెందుకు ఆగలేదని అడిగితే మన దగ్గర వచ్చే జవాబు ఒక్కటే: "మనకెందుకొచ్చిన గొడవ, కేసవుద్ది." ఈ మాటలో ఉన్నది భయం. ఆ భయం గాల్లోంచి ఊడిపడలేదు. సేవ్‌లైఫ్ ఫౌండేషన్ 2013లో దేశంలోని పలు నగరాల్లో జరిపిన సర్వేలో నూటికి 74 మంది, రోడ్డు మీద గాయపడ్డవాళ్లకు సాయం చేయడానికి వెనకాడతామన్నారు. అలా అన్నవాళ్లలో నూటికి 88 మంది చూపిన కారణం పోలీసు విచారణలు, కోర్టు చుట్టూ తిరగడాలు. వీళ్లకు గుండె లేక కాదు. గాయపడ్డవాణ్ని ఆసుపత్రిలో దించినందుకు పేరు, ఊరు, తండ్రి పేరు రాయించుకుని, నువ్వే గుద్దావేమోనన్నట్టు చూసి, వాయిదాలకు తిప్పిన అనుభవం వాళ్లకో, వాళ్ల అన్నకో, పక్కింటివాడికో ఉంది. ఒకణ్ని అలా తిప్పితే ఊరంతా పాఠం నేర్చుకుంటుంది. ఆ పాఠం చెప్పిన కుర్చీలను వదిలేసి, నేర్చుకున్నవాళ్ల మనసు పాడైందనడం ఏం న్యాయం?

1989లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన పరమానంద్ కటారా కేసు కథ మన వాళ్లందరూ చదవాలి. స్కూటరు మీద పోతున్న మనిషిని కారు గుద్దింది. నెత్తురోడుతున్న అతన్ని దారిన పోయే ఒకాయన దగ్గర్లోని ఆసుపత్రికి తీసుకెళ్లాడు. ఇది పోలీసు కేసు, మేం చూడం, ఇలాంటివి చూసే ఆసుపత్రి ఇరవై కిలోమీటర్ల అవతల ఉంది, అక్కడికి పొమ్మన్నారు. ఆ ఒకాయన విసుక్కోకుండా అక్కడికీ బయల్దేరాడు. దారిలోనే ప్రాణం పోయింది. ఈ కథలో మానవత్వం ఎక్కడ చచ్చింది? దారినపోయేవాడు ఆగాడు, ఎత్తుకున్నాడు, ఒకచోట కాదంటే మరో చోటికి పరుగెత్తాడు. మూసుకున్నది తలుపు. ఆ తలుపుకు బోర్డు ఉంది, జీతం తీసుకునే మనుషులు ఉన్నారు, నియమాల పుస్తకం ఉంది. ముందు ప్రాణం నిలపండి, కాగితాలు తరవాత అని కోర్టు చెప్పాల్సి వచ్చింది. ఇలాంటి చావును కూడా సమాజం పాడైందన్న ఖాతాలో రాసేస్తే ఆ ఆసుపత్రి యజమానికి అంతకన్నా ఏం కావాలి?

అప్పటి నుంచి చట్టం చాలా దూరం వచ్చింది. సాయం చేసినవాళ్లను వేధించకూడదంటూ 2015లో కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది. 2016 మార్చి 30న సుప్రీంకోర్టు వాటికి కట్టుబడి తీరాలని చెప్పింది. 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఎ సెక్షను చేరింది. సాయపడే క్రమంలో పొరపాటు జరిగి బాధితుడికి నష్టం వాటిల్లినా, మంచి ఉద్దేశంతో చేసినవాడి మీద సివిల్ కేసు గానీ, క్రిమినల్ కేసు గానీ ఉండదు. 2020 నాటి నియమాల ప్రకారం పేరు చెప్పమని పోలీసులు బలవంతపెట్టకూడదు. సాక్ష్యం చెప్తానని మనంతట మనం ముందుకొస్తే, మనకు వీలైన చోట, వీలైన వేళ మాట్లాడాలి. ఈ హక్కులన్నీ స్థానిక భాషలో రాసి, ప్రభుత్వ ఆసుపత్రి అయినా ప్రైవేటుదైనా, గుమ్మం దగ్గరో, పదిమందికీ కనపడే చోటో పెట్టాలి. ఇంత చేశాక కూడా కేసవుద్దన్న భయం మిగిలి ఉందంటే, చట్టాన్ని ఆ గుమ్మం దాకా తేవాల్సినవాళ్లు తేలేదని అర్థం.

ఇక్కడ ఎదుటిపక్షం నన్నొక ప్రశ్న అడుగుతుంది, అడగాలి కూడా. తప్పంతా పోలీసులదీ, ఆసుపత్రులదీ అంటే, కళ్లముందు మనిషి కొట్టుకుంటుంటే యాక్సిలరేటరు తొక్కి పోయినవాడికి ఏ పాపమూ లేదా అని. ఉంది. ఆ పాపం ఎంతో, ఎక్కడుందో కొలిచి చూపడానికి ఒక సినిమా దగ్గరికి వెళ్తాను.

బెల్జియం దర్శకులు డార్డెన్ సోదరులు 2016లో తీసిన 'ది అన్‌నోన్ గర్ల్' ఆ సినిమా. మ్యూజ్ నది ఒడ్డున, ఉక్కు ఫ్యాక్టరీలతో బతికిన సెరాంగ్ అనే ఊరు. పెద్ద రోడ్డు పక్కన చిన్న క్లినిక్కు. వేళ దాటిన గంటకు తలుపు గంట మోగుతుంది. దగ్గరున్న కుర్రాడు, ఇంకా డాక్టరు చదువులో ఉన్నవాడు, తీయబోతాడు. వేళ అయిపోయింది, తీయొద్దంటుంది డాక్టరు జెన్నీ. మర్నాడు పోలీసులొస్తారు. క్లినిక్కు ముందు కెమెరాలో కనపడ్డ నల్లజాతి అమ్మాయి నది ఒడ్డున శవమై దొరికింది. పేరు లేదు, ఊరు లేదు. చట్టం దృష్టిలో జెన్నీ తప్పేమీ లేదు. అయినా ఆమె ఆ అమ్మాయి ఫొటో ఫోనులో పెట్టుకుని, కనపడ్డ ప్రతి ఒక్కరినీ ఈమె పేరు తెలుసా అని అడుగుతూ తిరుగుతుంది.

కాన్ ఉత్సవంలో చాలామంది విమర్శకులకు ఈ సినిమా రుచించలేదు. డాక్టరు పనిమానుకుని డిటెక్టివు వేషం వేయడం నమ్మశక్యంగా లేదన్నారు. ఇంత చిన్నదానికి అంత కుమిలిపోవాలా అన్నారు. వేళ దాటాక తలుపు తీయకపోవడం నేరమా? మన దగ్గరా ఎవరన్నా ఇదే అంటారు: "మీరేం చేస్తారమ్మా, దాని రాత అంతే." ఈ ఓదార్పూ, మానవత్వం చచ్చిందన్న శాపనార్థమూ ఒక తల్లి పిల్లలే. ఒకటి ఎవరిదీ తప్పు కాదంటుంది, రెండోది అందరిదీ తప్పంటుంది. రెండింటిలోనూ పేరు పెట్టి పిలవదగిన మనిషి ఉండడు.

జెన్నీ ఈ రెండు మాటలూ అనదు. తన తప్పును తూకం వేసి మరీ చెప్తుంది. గంట విన్నప్పుడు తనకూ తలుపు తీయాలనే అనిపించింది. అంతకు కాస్త ముందే ఆ కుర్రాణ్ని మందలించింది. ఇక్కడ పెద్దదాన్ని నేనని చూపించుకోవడానికి వద్దంది. ఆ సంగతి ఆ కుర్రాడికే చెప్పి ఒప్పుకుంటుంది. బయట ఉన్నది చావుబతుకుల్లో ఉన్న మనిషని ఆమెకు తెలియదు. తెలియకపోవడం ఆమె నేరం కాదు. చిన్న అహం కోసం ఒక నిమిషం గట్టిపడడం ఆమె నేరం. అంతే, అంతకు మించి కాదు, అంతకు తక్కువా కాదు. ఇంత కచ్చితంగా తన వంతు తాను ఒప్పుకుంది కాబట్టే ఎదుటివాళ్ల వంతు అడిగే అర్హత ఆమెకు వచ్చింది. ఆ అమ్మాయిని చూసిన మరో కుర్రాడు, ఆమె వెంటపడిన అతని తండ్రి, ఆమె ఎవరో తెలిసీ భయంతో, అసూయతో నోరు మూసుకున్న సొంత అక్క ఒక్కొక్కరుగా నోరు విప్పుతారు. ఒక్కొక్కరి వంతు ఒక్కొక్కరికి చేరుతుంది. చివరికి ఆ అమ్మాయికి తన పేరు దక్కుతుంది. పెద్ద వైద్య కేంద్రంలో వచ్చిన ఉద్యోగం వదులుకుని జెన్నీ ఆ పేదల క్లినిక్కులోనే ఉండిపోతుంది.

దీనికి సరిగ్గా ఎదురుగా నిలబెట్టాల్సిన మనిషి ఆల్బేర్ కామూ 1956లో రాసిన 'పతనం' నవలలో ఉన్నాడు. పారిస్‌లో పేరున్న వకీలు. ఒక రాత్రి వంతెన దాటుతుంటే వెనక ఒక స్త్రీ నీళ్లలో పడ్డ చప్పుడు వినపడుతుంది. వెనుదిరిగి చూడడు, ఎవరికీ చెప్పడు. ఆ తరవాత ఏళ్లతరబడి ఒక సారా కొట్లో కూర్చుని, వచ్చేపోయేవాళ్లకు తన పాపం చెప్పుకుంటాడు. చెప్పుకోవడంలో ఒక కిటుకు ఉంది. వింటున్నవాడికి తన పాపం తనకు గుర్తు రావాలి. అందరం పాపులమే అని తేలితే, తాను అందరికన్నా ముందు ఒప్పుకున్నాడు కాబట్టి అందరి మీదా తీర్పరిగా కూర్చోవచ్చు. మన సంతాప సభల పెద్దమనిషి ఈ వకీలుకు శిష్యుడు. ఇద్దరికీ నీళ్లలో పడ్డ మనిషి పేరు అక్కర్లేదు.

మన తెలుగు సినిమాకూ ఈ విషయంలో ఒక అలవాటుంది. తప్పు చేసినవాడు మారాడంటే ప్రాణం ఇచ్చేయాలి. 2010లో క్రిష్ తీసిన 'వేదం'లో కేబుల్ రాజు ఆసుపత్రిలో ఒక ముసలి నేతకార్మికుడి డబ్బు కొట్టేస్తాడు. ఆ డబ్బు మనవణ్ని విడిపించుకోవడానికి ఆ ముసలాయన కూడగట్టినది. రాజుకు మనసొప్పక వెనక్కి తెచ్చిస్తాడు, చివరికి ఉగ్రవాదుల దాడిలో జనాన్ని కాపాడుతూ చనిపోతాడు. ప్రేక్షకులు చప్పట్లు కొట్టింది ఆ చావుకే. నా దృష్టిలో ఆ సినిమాలో గొప్ప ఘట్టం డబ్బు తిరిగిచ్చినచోటే ఉంది. ఎవరి దగ్గర తీసుకున్నాడో వాళ్లకే, ఎంత తీసుకున్నాడో అంతే తిరిగిచ్చాడు. వీరమరణం అందరి చేతా కాదు. తీసుకున్నది తిరిగివ్వడం, మూసిన తలుపు తెరవడం అందరి చేతా అవుతుంది. చేతనైన పని కాబట్టే అడగడానికి వీలుంటుంది.

ఇక వీడియోల సంగతి దాటవేస్తే నా వాదన అబద్ధమవుతుంది. 2017 అక్టోబరులో విశాఖపట్నంలో పట్టపగలు, రైల్వే స్టేషనుకు దగ్గర్లో, పేవ్‌మెంటు మీద ఒక స్త్రీ మీద అత్యాచారం జరుగుతుంటే జనం పక్కనుంచి నడిచిపోయారు. ఒక ఆటో డ్రైవరు దాన్ని ఫోనులో తీశాడు. దేశమంతా సిగ్గుతో తలదించుకున్నామని రాశారు. తీయడమే తప్ప ఆపలేదేమని అతన్ని అడగాల్సిందే, కనీసం కేక వేయలేదేమని నిలదీయాల్సిందే. కానీ నిందితుణ్ని పట్టుకోవడానికి పోలీసులకు పనికొచ్చింది ఆ వీడియోనే. పక్కనుంచి పోయిన మిగతావాళ్లు ఏం చేశారు? ఏమీ చేయలేదు, ఏ రికార్డులోనూ లేరు, ఎవరూ వాళ్లను ఏమీ అడగలేదు. దేశం సిగ్గుపడడంతో వాళ్ల సిగ్గు కూడా ఆ పద్దులోనే చెల్లిపోయింది. ఫోను చేతిలో ఉన్నవాడు తప్పించుకోలేకపోయాడు, చేతులు జేబులో పెట్టుకున్నవాళ్లు తప్పించుకున్నారు. ఫోనే జాలిని చంపిందనేవాళ్లు ఈ లెక్కకు జవాబు చెప్పాలి.

మూడోది నీతిబోధ. నీతులు చెప్పొద్దని అనను. అయితే 2022లో దేశం మొత్తం మీద రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. ఇందులో ఎంతమంది ప్రాణం ఉపన్యాసంతో నిలుస్తుంది? నెత్తురు కారుతున్న చోట గుడ్డ పెట్టి గట్టిగా అదమడం తెలిసినవాడు పక్కనుంటే నిలుస్తుంది. మెడ విరిగినవాణ్ని సంచి ఎత్తినట్టు ఎత్తకూడదని తెలిసినవాడు ఉంటే నిలుస్తుంది. మన రోడ్డు మీద ముందుగా చేరేది మిరపకోతకు పోయే కూలీలు, ఆటోవాళ్లు, సిమెంటు లారీ డ్రైవర్లు, డాబాల్లో పనిచేసే కుర్రాళ్లు. సభలో మైకు ముందు కూర్చునేవాళ్లు వీళ్లు కారు. విలువల పాఠం కావాల్సింది వీళ్లకు కాదు. ఒక పూట పని నేర్పడం కావాలి, ఆ తరవాత స్టేషనుకు పిలవరన్న నమ్మకం కావాలి. సాయం చేసినవాళ్లకు కేంద్రం 2021లో 5,000 రూపాయల బహుమతి పెట్టింది, 2025లో దాన్ని 25,000కు పెంచింది. మంచిదే. వెనకాడతామన్నవాళ్లు సర్వేలో చెప్పింది మాత్రం బహుమతి లేదని కాదు, పోలీసులూ కోర్టులూ అని.

కాబట్టి మానవత్వం గురించి బెంగపెట్టుకునే పెద్దలకు నాలుగు పనులు అప్పజెప్తున్నాను. నందిగామ, జగ్గయ్యపేట ఆసుపత్రులకు, ప్రైవేటు నర్సింగు హోములకు వెళ్లి, సాయం చేసినవాళ్ల హక్కుల పట్టిక తెలుగులో గుమ్మం దగ్గర ఉందో లేదో చూడండి. లేకపోతే ఎందుకు లేదో రాతపూర్వకంగా అడగండి. చిల్లకల్లు, కీసర టోల్‌గేట్ల దగ్గర అంబులెన్సు ఎంతసేపట్లో బయల్దేరుతోందో కనుక్కోండి. 108తో పాటు జాతీయ రహదారుల 1033 నంబరును ప్రతి డాబా గోడ మీదా రాయించండి. గాయపడ్డవాణ్ని దించినవాణ్ని ఏ స్టేషను వాళ్లయినా కూర్చోబెట్టారని తెలిస్తే, 134ఎ సెక్షను పట్టుకుని వెళ్లి ఆ స్టేషను మెట్లెక్కండి. ఇవి చేయడానికి కవిత్వం అక్కర్లేదు, మీకున్న పలుకుబడి చాలు.

కలేకూరి ప్రసాద్ తన కవితలో కంచికచర్ల కోటేశును పేరు పెట్టి నిలబెట్టాడు. కులవ్యవస్థ క్రూరమైనదని ఊరికే అనేసి ఊరుకోలేదు. జెన్నీ చేసిందీ ఆ పనే. బాధితుడికి పేరుంటే, ఆ పేరు వెంట తేదీ వస్తుంది, చోటు వస్తుంది, తలుపు మూసిన చెయ్యి ఎవరిదో బయటపడుతుంది. ఇకమీదట ఈ దారిలో మరో మనిషి నెత్తురోడి చనిపోయినప్పుడు, మానవత్వం చచ్చిందని రాయబోయే విలేకరి ఆ వాక్యం కొట్టేసి మూడు సంగతులు కనుక్కుని రాయాలి: చనిపోయింది ఎవరు, సాయానికి మొదట చెయ్యి వేసింది ఎవరు, ఏ గుమ్మంలో ఎవరు కాదన్నారు. నేనూ ఆ దారిన పోయి ఆగకపోతే, ఆ మూడో ప్రశ్నకు జవాబులో నా పేరు కూడా రాయాలి. సమాజం చాటున నన్ను దాచే మర్యాద నాకు వద్దు.